తోటలో సెన్సర్ బ్యాటరీని ఎవరు తింటున్నారు?

తోటలో తేమ కొలిచే సెన్సర్లలో ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రాం నడపడం గురించి పోయిన వీడియో చేశా కదా, దాని కింద ఒకటే కామెంట్ మళ్లీ మళ్లీ వచ్చింది. "అన్నా, సెన్సర్‌లో ఏజెంట్ పెడితే అది ఆలోచించాలి కదా, బ్యాటరీ ఇంకా తొందరగా అయిపోదా?" అయిపోదు. చదివి చదివి తిక్క లేచింది, అందుకే ఈ వీడియో.

ఇదిగో, ఇది టెలోస్ బీ అనే సెన్సర్ బోర్డు. అరచేతిలో పడుతుంది, వెనక రెండు పెన్సిల్ సెల్స్. పని చేసేటప్పుడు దీని ప్రాసెసర్ తీసుకునేది దాదాపు 1.8 మిల్లీ ఆంపియర్లు. రేడియో చిప్ సీసీ2420 మాత్రం పంపేటప్పుడు 17.4, వినేటప్పుడు 18.8. ఊరికే చెవి పెట్టుకుని కూర్చున్నా ఖర్చే! దీని గురించి మాత్రం ఎవరూ అడగరు.

ఇప్పుడు మన నల్లగొండ బత్తాయి దగ్గరికి రండి. తోట పట్టే వ్యాపారి కాయలన్నీ కోసి మార్కెట్‌కు తెమ్మంటాడా? బండేసుకుని తానే వస్తాడు. కొమ్మ వంచి చూస్తాడు, నాలుగు చెట్లు తిరుగుతాడు, ఇన్ని టన్నులని జేబు పుస్తకంలో ఒక్క అంకె రాసుకుని పక్క తోటకు పోతాడు. ఏజెంట్ అంటే ఈ వ్యాపారే. సెన్సర్ నుంచి సెన్సర్‌కు దూకే చిన్న ప్రోగ్రాం. తేమ రీడింగుల సగటు అక్కడే తీసి, అంకె ఒక్కటే పట్టుకుపోతుంది.

పాత పద్ధతిలో ప్రతి సెన్సరూ రీడింగులన్నీ డీసీఎంకు ఎత్తి బేస్ స్టేషన్‌కు, అంటే లెక్కలన్నీ చేరే చోటికి, తోలుతుంది. డీజిల్ ఎవరిది? బ్యాటరీది. పైగా దూరం సెన్సర్ల రీడింగులు దగ్గరి సెన్సర్ల మీదుగానే పోవాలి, అందుకే బేస్ స్టేషన్ పక్కనున్న సెన్సర్లు అందరి లోడూ మోసి మోసి ముందే చస్తాయి.

అమెరికాలో సెయింట్ లూయిస్ వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు 2005 నాటికే అజిల్లా పేరుతో ఇలాంటి ఏజెంట్లను చిన్న సెన్సర్ల మీద నడిపి చూపించారు.

మరి వ్యాపారి ప్రతి తోటలో ఒక బస్తా కాయలు వేసుకుంటూ పోతే? ఐదో తోట దగ్గర బండి కదలదు. ఏజెంట్ కోడ్ పెద్దదైనా, మోసే డేటా పెరిగినా అంతే. నాలుగు రీడింగులకైతే ఏజెంట్ దండగ, నేరుగా పంపేయండి. ఇది చెప్పకుండా ఏజెంట్లను పొగిడేవాళ్లంటే నాకు పడదు.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. ఏ తోట ముందో, ఏది తర్వాతో సరిగ్గా చూసుకోకపోతే తిరుగుడుకే బ్యాటరీ పోతుంది. తోటలు ఎక్కువైతే ఇద్దరు ముగ్గురు వ్యాపారులను పంపాలి. దారిలో సెన్సర్ ఆగిపోతే ఏజెంటూ దానితోనే పోతుంది, కాబట్టి వెనక ఒక కాపీ ఉండాలి.

ఇక నిద్ర. పడుకున్న టెలోస్ బీకి 5 మైక్రో ఆంపియర్ల చిల్లర చాలు. కానీ అన్నీ పడుకుంటే వ్యాపారికి గేటు తీసేదెవరు? లేచే వేళలు ముందే కుదుర్చుకోవాలి. ఆ లెక్క వచ్చే వీడియోలో బోర్డు మీద వేసి చూపిస్తా.