మిగిలిన రీలులో దొరికిన మనిషి

అందరికీ నమస్కారం. అమలాపురం చుట్టుపక్కల ఫొటో స్టూడియోలు నడిపినవారే ముందు వరుసల్లో కూర్చున్నారు కాబట్టి ఉపోద్ఘాతం అక్కర్లేదు. సామ్యూల్ ఫోసో మీ వృత్తివాడే.

1962లో కామెరూన్‌లో పుట్టాడు, నైజీరియాలో పెరిగాడు. 1975లో, పదమూడేళ్లకే, మధ్య ఆఫ్రికా రిపబ్లిక్ రాజధాని బాంగీలో సొంత స్టూడియో తెరిచాడు. పగలంతా వచ్చినవాళ్ల ఫొటోలు. పొద్దుపోయేసరికి రీలులో ఇంకా కొన్ని ఫ్రేములు మిగిలేవి. వాటిలో తననే తీసుకునేవాడు. కొన్ని నైజీరియాలో ఉన్న అవ్వకు పంపేవాడు, బాగానే ఉన్నానని తెలియాలి కదా! కువైట్ వెళ్లిన తల్లులకు పంపడానికి పిల్లల్ని ముస్తాబు చేసి ఫొటోలు తీయించిన కోనసీమకు ఇది విడమరిచి చెప్పాలా?

అయితే అవ్వకు పంపే ఫొటోకు అంతెత్తు మడమల బూట్లు ఎందుకు? బిగుతు చొక్కా, గంట ప్యాంటు, నల్లకళ్లద్దాలు ఎందుకు? అది ఆ దేశంలో బొకాసా నియంతృత్వం నడుస్తున్న కాలం. వీధిలో సాగని సోకులన్నీ ఆ కుర్రాడు తలుపులు మూసుకుని తీర్చుకున్నాడు. నాకు ఆయన పనిలో అన్నిటికన్నా ఇష్టమైనవి ఈ ఫొటోలే.

1997లో ప్యారిస్ దుకాణం టాటీ కోసం తనను తానే తీసుకున్న ఫొటోల వరుసలో ఒకటుంది. ఒంటిమీద చిరుతచర్మం, మెడనిండా నగలు, కళ్లద్దాలు, చేతిలో పొద్దుతిరుగుడు పూలు. పేరు ‘ఆఫ్రికాను వలసవాదులకు అమ్మేసిన నాయకుడు’. నవ్వొస్తుంది, వెంటనే చురుక్కుమంటుంది.

2008లో మహమ్మద్ అలీ, మార్టిన్ లూథర్ కింగ్, అమెరికా నల్లజాతి ఉద్యమకారిణి ఏంజెలా డేవిస్ వంటివారి వేషాలు కట్టాడు. జాగ్రత్తగా చూస్తే ఆయన అనుకరించింది వాళ్ల ప్రసిద్ధ ఫొటోలను: అదే భంగిమ, అదే వెలుగు. ఆ మహానుభావులను మనమూ ఫొటోల్లోనే కదా ఎరుగుదుం!

మన పగటివేషగాడు రోజుకో వేషంతో వచ్చి, చివరి రోజున సొంత రూపంతో సంభావన అడుగుతాడు. ఫోసోకు ఆ చివరి రోజు రాదు. అసలు మనిషెవరని వెతకడం ఆయన విషయంలో దండగని నా అభిప్రాయం.

2014 అల్లర్లలో బాంగీలోని ఆయన ఇంటిని దోచుకున్నారు. నెగటివులు వీధిపాలయ్యాయి. అక్కడున్న పత్రికా ఫొటోగ్రాఫర్లు ఏరి, చాలావాటిని కాపాడారు. మన దగ్గర దోపిడీ అవసరం లేదు, గోదావరి తేమ చాలు, బూజు పట్టించడానికి. మీ అటకల మీది నెగటివుల పెట్టెలు వానాకాలం లోపు దించండి. స్కానింగ్ సంగతి భోజనాల దగ్గర మాట్లాడుకుందాం.