చలి పొద్దున ఇంజన్‌కు అబద్ధం చెప్పిన సెన్సర్

నమస్కారం. మీరు తెర మీద చూస్తున్నది ఇంగ్లండులోని లెస్టర్‌లో మా ఇంటి ముందు, జనవరి నెలలో, ఉదయం ఏడు గంటల దృశ్యం. ఇంకా తెల్లవారలేదు, అద్దం మీద మంచు గీరవలసిందే. శని, ఆదివారాల్లో తెలుగువారి గృహప్రవేశాలకూ సీమంతాలకూ వంటపాత్రలు, మడత కుర్చీలు చేరవేసే నా పాత డీజిల్ వ్యాన్ ఇది. నవంబరు నుంచి పొద్దున పూట పది, పదిహేను సెకన్లు సెల్ఫ్ కొడితే తప్ప ఇంజన్ అందుకోవడం లేదు. అందుకున్నాక కూడా కాసేపు కుంటుతూ, వీధంతా తెల్లని పొగ నింపుతోంది. వేడెక్కిన తరువాత మాత్రం తనకే జబ్బూ లేనట్టు నడుస్తుంది.

డిసెంబరులో ఒక గ్యారేజీకి తీసుకువెళితే, లక్షణాలు విని గ్లో ప్లగ్గులు పోయాయన్నారు. మన మెకానిక్కులు హీటర్ ప్లగ్గులనేవి ఇవే. అన్నీ మార్చి, కూలితో కలిపి 240 పౌండ్లు తీసుకున్నారు. మరుసటి పొద్దున అదే దగ్గు, అదే పొగ. ఆ లక్షణాలకు ఎవరైనా ముందు ప్లగ్గులనే అనుమానిస్తారు, అందులో తప్పు లేదు. కానీ పాతవాటికి కరెంటు అందుతోందా లేదా అని ఒక్కసారైనా మీటరు పెట్టి చూడకుండా కొత్తవి బిగించడమే నాకు నచ్చని పని.

విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా లారీల పని చేస్తున్న మా బాబాయికి వీడియో కాల్ చేశాను. ఆయన పొగ చూడలేదు, ఇంజన్ చప్పుడు వినలేదు. “ఒరేయ్, తాళం తిప్పి డ్యాష్‌బోర్డు చూపించు” అన్నారు. తిప్పాను. హీటర్ ప్లగ్గులు కాలుతున్నాయని చెప్పే, స్ప్రింగు చుట్టలా ఉండే పసుపు దీపం వెలిగీ వెలగక ముందే ఆరిపోయింది. “అంత చలిలో అది అలా ఆరకూడదు. బండి తను వేడిగానే ఉన్నాననుకుంటోంది రా” అన్నారు.

ఆ మాటలోనే రోగం అంతా ఉంది. డీజిల్ ఇంజన్‌లో స్పార్కు ఉండదు; గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఇనుమంతా చల్లబడి ఉన్నప్పుడు ఆ వేడి చాలదు కనుక హీటర్ ప్లగ్గులు ముందుగా కాలాలి. అవి ఎన్ని సెకన్లు కాలాలో, మొదట్లో డీజిల్ ఎంత ఎక్కువ పోయాలో ఇంజన్ కంప్యూటరు నిర్ణయిస్తుంది. అందుకు అది ముఖ్యంగా అడిగేది ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ నీటిలో ముక్కు ముంచుకొని కూర్చున్న టెంపరేచర్ సెన్సర్‌నే. ఇరవై డిగ్రీలు దాటిన విజయవాడ ఉదయాల్లో ఈ జబ్బు బయటపడకుండా ఏళ్లు గడిచిపోవచ్చు.

రాత్రంతా కదలకుండా ఉన్న బండిలో, ఇంజన్ స్టార్టు చేయకముందు, ఫోనుకు కలిపే చిన్న స్కానరుతో చూశాను. తప్పు కోడ్ ఒక్కటీ లేదు. ఈ సెన్సర్‌కు సంబంధించిన పీ0117, పీ0118 వంటి కోడ్లు దాని వోల్టేజీ హద్దు దాటినప్పుడే పడతాయి. హద్దులోపలే ఉండి చెప్పే అబద్ధాన్ని అవి పట్టలేవు. లోపలికి వచ్చే గాలి 3 డిగ్రీలు, డీజిల్ 4 డిగ్రీలు, కూలెంట్ మాత్రం 58 డిగ్రీలు అని ఉంది. రాత్రంతా మంచులో నిలబడిన బండిలో ఈ మూడూ ఇంచుమించు ఒకటిగా ఉండాలి. ఈ పోలిక పొద్దున్నే చేయాలి, ఇంజన్ తిరిగాక దీనికి విలువ లేదు.

మరి డ్యాష్‌బోర్డు ముల్లు సరిగ్గానే చూపించేది కదా అని నాకూ సందేహం కలిగింది. సెన్సర్ ప్లగ్గు ఊడదీస్తే జవాబు దొరికింది: దానికి నాలుగు పిన్నులున్నాయి. ఒకే ఒంట్లో ఇద్దరు సాక్షులన్నమాట, ఒకరు ముల్లుకు, మరొకరు కంప్యూటరుకు చెబుతారు. వేడి పెరిగేకొద్దీ వీటి నిరోధం తగ్గుతుంది. ఈ రకానికి 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓమ్‌లు, 80 దగ్గర 320 చిల్లర ఉండాలి. ఆ ఉదయపు చలికి దాదాపు 5,000 రావాలి. ముల్లు జత 4,900 చూపింది. కంప్యూటరు జత 640 దగ్గర ఆగిపోయింది.

వైరింగును కూడా వదలలేదు. ప్లగ్గు ఊడి ఉండగా స్కానరులో మైనస్ 40 వచ్చింది; వైర్ల వైపు ఆ రెండు పిన్నులనూ చిన్న తీగతో కలిపితే 130 దాటింది. రెండు చివరలకూ అంకె పరుగెత్తింది కాబట్టి వైర్లు, కంప్యూటరు బాగున్నట్టే. వైరింగ్ పటం చూడకుండా ఊహ మీద ఏ రెండు పిన్నులనూ ఇలా కలపకండి.

కొత్త సెన్సర్ 14 పౌండ్లు. బిగించే ముందు వంటింట్లో పరీక్షించాను. స్టీలు గ్లాసులో కెటిల్ నీళ్లు పోసి, పాలు తోడు వేసే వేడికి వచ్చాయో లేదో చూసుకోవడానికి మా ఆవిడ వాడే థర్మామీటరు పక్కన పెట్టి, రెండు జతలనూ కొలిచాను. 80 దగ్గర రెండూ 320కి అటూ ఇటూగా వచ్చాయి. ఆ థర్మామీటరు వాడినందుకు పడిన చీవాట్లు వీడియోలో పెట్టడం లేదు.

బిగించడానికి ఇంజన్ పూర్తిగా చల్లారాలి. వేడి మీద కూలెంట్ ట్యాంకు మూత తీస్తే మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి. మూత ఒకసారి తీసి ఒత్తిడి వదిలించి, క్లిప్పు లాగి, పాతది బయటకు రాగానే రంధ్రాన్ని బొటనవేలితో మూశాను. ఇక్కడ దగ్గరగా చూడండి: సెన్సర్ వచ్చింది గానీ దాని రబ్బరు రింగు లోపలి గోడకే అంటుకుపోయింది. చూసుకోకుండా కొత్తదాన్ని దాని మీదే నొక్కితే సరిగా కూర్చోదు, కూలెంట్ కారుతుంది. పిన్నీసుతో మెల్లగా పెకలించి తీసేసరికి అర గ్లాసు కూలెంట్ కింద పళ్లెంలో పడింది. అది తియ్యగా ఉండే విషం, పక్కింటి పిల్లి వచ్చి నాకకముందే పళ్లెం తీసేయాలి. తగ్గినంత కూలెంట్‌ను, రంగు చూసి కాక మాన్యువల్‌లో రాసిన రకం చూసి పోశాను. క్యాబిన్ హీటరును వేడి వైపు తిప్పి, గాలి బుడగలు పోయేదాకా ఇంజన్‌ను నడిపాను. స్కానరులో కూలెంట్ అంకె మెల్లగా ఎక్కి 88 దగ్గర నిలిచింది.

మరుసటి ఉదయం గాలి 2, డీజిల్ 3, కూలెంట్ 3. పసుపు దీపం ఆరు సెకన్లు వెలిగింది, సెల్ఫ్ ఒక్కసారికే ఇంజన్ అందుకుంది. బాబాయికి ఆ శబ్దం పంపిస్తే, “పాత హీటర్ ప్లగ్గులు పారేయలేదు కదా?” అని మాత్రం అడిగారు. గ్యారేజీలోనే వదిలేసి వచ్చాను.