సైనికుడు ముందే వదులుకునేది
(ఒడిశాలోని బరంపురంలో కార్గిల్ విజయ దివస్ సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. ముందు వరసలో కూర్చున్న మాజీ సైనికులకు, కొడుకునో భర్తనో దేశానికిచ్చిన తల్లులకు, అక్కచెల్లెళ్లకు మరోసారి చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

ఏటా జూలై 26న మనం సైనికుల ధైర్యం గురించి మాట్లాడుకుంటాం. ఈరోజు నేను ఇంకో సంగతి చెబుతాను. ప్రాణం పోవడానికి చాలా ముందే, సైన్యంలో చేరిన రోజే, సైనికుడు కొన్నిటిని వదులుకుంటాడు. అవేమిటో మనకు పెద్దగా తెలియదు.

మనం ఈ సభ పెట్టుకున్నాం. సంఘం కట్టుకోవచ్చు. రోడ్డు బాగా లేదని కలెక్టర్ ఆఫీసు ముందు కూర్చోవచ్చు. పేపరువాళ్లతో మాట్లాడి మన గోడు చెప్పుకోవచ్చు. రాజ్యాంగం 19వ అధికరణం మనకిచ్చిన హక్కులివి. సైనికుడికి ఇవన్నీ మనలాగా ఉండవు. సైన్యంలో ఉన్నవాళ్ల ప్రాథమిక హక్కులను పార్లమెంటు చట్టం ద్వారా తగ్గించవచ్చని 33వ అధికరణం చెబుతుంది. యూనియన్లలో చేరడం, ప్రదర్శనల్లో పాల్గొనడం, పత్రికలతో మాట్లాడటం మీద ఆంక్షలు పెట్టే అధికారాన్ని 1950 నాటి సైనిక చట్టం 21వ సెక్షన్ ప్రభుత్వానికి ఇచ్చింది. క్రమశిక్షణ లేకపోతే సైన్యం నిలవదు కాబట్టి ఇది అవసరమే, నేను కాదనను. కానీ ఒక్కసారి ఆలోచించండి. మన స్వేచ్ఛకు కాపలా కాయడానికి ఒక కుర్రాడు తన స్వేచ్ఛలో కొంత ఇచ్చేసి వెళుతున్నాడు. అతను చేసే ప్రమాణం కూడా ఏ నాయకుడి పేరు మీదా కాదు. రాజ్యాంగానికి విధేయుడిగా ఉంటానని.

ఈ ఊళ్లో నిలబడి ఈ మాట చెబుతుంటే వి.వి.గిరి గారు గుర్తొస్తారు. ఇక్కడే పుట్టిన మన తెలుగువాడు. జీవితమంతా కార్మిక సంఘాల కోసం పనిచేసిన మనిషి. పాకిస్తాన్‌తో 1971 డిసెంబరు యుద్ధంలో రాష్ట్రపతిగా త్రివిధ దళాలకు సర్వసైన్యాధ్యక్షుడు ఆయనే. ఆ యుద్ధంలో డిసెంబరు 9 రాత్రి ఒక్క ఐ.ఎన్.ఎస్. ఖుక్రీ నౌక మునిగిపోయి 18 మంది అధికారులు, 176 మంది నావికులు సముద్రంలో కలిసిపోయారు.

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మన గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయింది. మన తాతలు ఇళ్లు మారలేదు, రాష్ట్రం మారింది. బజారులో ఒడియా, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఇక్కడే బతికాం. మన భాషను కాపాడుకునే హక్కు 29వ అధికరణంలో, మన బడులు మనం పెట్టుకునే హక్కు 30వ అధికరణంలో ఉన్నాయి. సైనికుడు ప్రమాణం చేసింది ఆ రాజ్యాంగం మీదే. కాబట్టి మన పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పకుండా వదిలేస్తే, సైనికులు కాపాడిన హక్కును మనమే అటకెక్కించినట్టు.

కార్గిల్‌లో 1999 జూన్ 28న మేజర్ పద్మపాణి ఆచార్య అమరుడయ్యారు. రాజ్‌పుతానా రైఫిల్స్ రెండో బెటాలియన్. అంతకు వారం ముందే ఆయనకు ముప్పై ఏళ్లు నిండాయి. మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. ఆయనది ఒడియా కుటుంబం, ఉండేది హైదరాబాద్‌లో. ఒడియా నేల మీద ఉన్న తెలుగువాళ్లం మనం. తెలుగు నేల మీద పెరిగిన ఒడియా బిడ్డ ఆయన. మనవాడు కాక ఇంకెవరు?

2020 జూన్ 15 రాత్రి లడఖ్‌లోని గల్వాన్‌లో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో మన సైనికులు 20 మంది చనిపోయారు. బీహార్ రెజిమెంట్ పదహారో బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ సంతోష్ బాబుది సూర్యాపేట. అదే బెటాలియన్‌లో ఆ రాత్రే పోయిన నాయబ్ సుబేదార్ నుదురాం సోరెన్‌ది మయూర్‌భంజ్, సిపాయి చంద్రకాంత ప్రధాన్‌ది మన పక్క జిల్లా కంధమాల్. ఒకరి ఇంట్లో తెలుగు, ఒకరి ఇంట్లో సంతాలీ. "వీళ్లు మనవాళ్లు, వాళ్లు బయటివాళ్లు" అని మన వీధుల్లో ఎవరైనా అన్నప్పుడు నాకు ఆ మూడు చోట్లే గుర్తొస్తాయి, కోపం కూడా వస్తుంది.

పిల్లలకు ఒక మాట. క్విట్ ఇండియా రోజుల్లో జనాన్ని మత్తిలి పోలీసు స్టేషనుకు నడిపించిన లక్ష్మణ్ నాయక్‌ను 1943 మార్చి 29న ఉరితీసింది ఈ ఊరి జైల్లోనే. ఊరేగింపు తీసే హక్కు మనకు ఉత్తినే రాలేదు.

ఇప్పుడు పని సంగతి. అమరుల ఇళ్లలో ఏడాదికోసారి శాలువా కప్పడం మంచిదే, అంతటితో సరిపోదు. మన తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందు ఉంటుంది. ఒక కాగితంలో పొడి అక్షరం, ఇంకో కాగితంలో పూర్తి పేరు. ఆ తేడాతో పింఛను దగ్గర ఎంత టెన్షనో పడ్డవాళ్లకే తెలుసు. ఆ ఇళ్లలో చాలామంది పెద్దవాళ్లకు ఇంగ్లీషు ఫారాలు చదవడం రాదు. జిల్లా సైనిక్ బోర్డుకు వాళ్లతో కలిసి వెళ్లి కాగితాలు సరిచేయించే కుర్రాళ్లు మనకు కావాలి. డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినం. ఆలోపు మన వీధుల్లో ఒక్క ఇంటి కాగితం కూడా పెండింగులో ఉండకూడదు. రాగలిగినవాళ్లు సభ అయ్యాక ఇక్కడే ఆగి పేరు, ఫోను నంబరు రాయించండి. జై హింద్.