బైక్ మీద ఇద్దరికి టెంట్: రాజోలు డాబా మీద బావతో కబుర్లు

నేను: అందరికీ నమస్కారమండీ. ఈసారి రాజోల్లో మా అక్కా వాళ్ల డాబా మీద కూర్చుని రికార్డ్ చేస్తున్నాం, వెనకాల కొబ్బరాకుల చప్పుడు వస్తుంది, కాస్త సర్దుకోండి. మా బావా, అక్కా కలిసి బండి మీద చాలా దూరాలు తిరిగొచ్చారు, లాడ్జి కన్నా టెంట్ వేసుకుని పడుకోవడమే ఎక్కువ. ఇప్పుడు నేనూ ఒకటి కొందామని చూస్తున్నాను బావా, ఇద్దరికి సరిపోవాలి, తేలిగ్గా ఉండాలి. ఆన్‌లైన్‌లో చూస్తే ఒకటేమో కేజీన్నర, ఇంకోటి రెండున్నర కేజీలు, ఆ తేలికదాని రేటు చూస్తే గుండె ఆగుతుంది. ఆ ఒక్క కేజీ కోసం అంత పెట్టొచ్చంటారా?

బావ: నడిచి కొండెక్కేవాడైతే పెట్టమనే చెప్తాను, వాడు భుజాన మొయ్యాలి కదా. మనకి బండి మోస్తది. హిమాలయన్ 450 తీసుకో, బండే 196 కేజీలు, దాని మీద నేను, మీ అక్క, సామాను, ఇంతలో అరకేజీ తగ్గిందో పెరిగిందో నీకసలు తెలీదు. తెలిసేదల్లా మడత పెట్టాక ఎంత పొడుగుందన్నదే.

నేను: పొడుగా?

బావ: ఆయ్, పొడుగే. గుడ్డనైతే ఎలాగోలా కుక్కేస్తాం, రాడ్లని కుక్కలేం కదరా. ఒక్కో ముక్క 40, 45 సెంటీమీటర్లుంటే సైడ్ బ్యాగులో దూరిపోద్ది. 55, 60 అనుకో, ఇంక వెనకాల అడ్డంగా కట్టాల్సిందే, అప్పుడు రెండు పక్కలా పొడుచుకొచ్చి ఉంటది, చించినాడ బ్రిడ్జి మీద లారీ పక్కనించి దూసుకెళ్తుంటే నీ ప్రాణం నీ చేతిలో ఉండదు. పైగా వెనక చక్రం దాటి ఎత్తులో బరువు పెడితే ముందు చక్రం తేలికైపోయి హ్యాండిల్ ఊగుద్ది. అందుకే బరువైనవన్నీ కిందకి, ముందుకి. ఇంకోటి, విసిరితే దానంతటదే తెరుచుకునేవి ఉంటాయి చూడు, కార్లో వెళ్లేవాళ్లకి బంగారం లాంటివే, కానీ మడిస్తే పెద్ద చాటంత గుండ్రంగా అవుతాయి, బండి మీద ఎక్కడ కడతావు?

నేను: నేను సరిగ్గా అదే చూసి పెట్టుకున్నాను బావా.

బావ: తీసెయ్. సరే అసలు విషయానికొద్దాం, గాలి. మేం మొదట కొన్నది ఒంటి పొర టెంటు, తేలిక కదా అని. డిసెంబర్‌లో అంతర్వేది దగ్గర తెలిసినవాళ్ల సరుగుడు తోటలో వేసుకున్నాం. తెల్లారగట్ల మూడింటికి మీ అక్క లేపింది, మొహం మీద చుక్కలు పడుతున్నాయని. బయటికొచ్చి చూస్తే ఆకాశం నిండా నక్షత్రాలు, వాన లేదు ఏం లేదు. కుట్లలోంచి మంచు కారుతుందేమో అనుకుని మర్నాడు కుట్లన్నిటికీ గమ్ము రాశాను, ఆ రాత్రీ అంతే. తర్వాత అర్థమైంది, అది మా ఇద్దరి ఊపిరే. అసలే మన దగ్గర గాలి నిండా తేమ, కాలవలు, చేలు, చెరువులు, పక్కనే సముద్రం, రాత్రికి గుడ్డ చల్లబడగానే లోపలి ఆవిరంతా దానికి పట్టేసి చుక్కలై కారుద్ది. నేనేమో గమ్ము రాసి ఉన్న సందులు కూడా మూసేశాను.

నేను: మరి దానికి మందేంటి?

బావ: రెండు పొరలది తీసుకో. లోపల దోమతెర గుడ్డ, పైన వాన గుడ్డ, మధ్యలో నాలుగు వేళ్ల సందన్నా ఉండాలి, పైన గాలి పోయే కిటికీ ఉండాలి. చెమ్మ పై పొరకి పట్టినా మన ఒంటికి తగలదు. లోపలి పొర ఎక్కువ భాగం తెరే ఉన్నది చూసుకో, దోమలకి దోమలూ ఆగుతాయి, రొయ్యల చెరువుల పక్కన ఒక్క రాత్రి పడుకుంటే నీకే తెలుస్తది. లంబసింగి లాంటి చోట ఆ తెరలోంచి చలి కొడతది, నిజమే, దానికి స్లీపింగ్ బ్యాగ్ మంచిది కొనుక్కో గానీ టెంట్ మాత్రం మూసుకుపోయింది కొనకు.

నేను: ఈ 2000, 3000 అని మిల్లీమీటర్లు రాస్తారు కదా, ఎక్కువుంటే మంచిదా?

బావ: గుడ్డ మీద అంత ఎత్తు నీళ్లు నిలబెట్టినా కారదని లెక్క. 3000 అంటే మూడు మీటర్ల నీళ్లు. పై గుడ్డకి 2000, 3000 చాలు. కిందదానికే ఎక్కువుండాలి, మోకాలు ఆనించామంటే బరువంతా ఆ ఒక్క చోటే పడతది కదా. దాని కింద బరకం ముక్క ఒకటి పరుచుకో, కాకపోతే టెంట్ అడుగు కన్నా కాస్త చిన్నగా కత్తిరించాలి, బయటికి వచ్చిందంటే పైనించి జారిన నీళ్లు దాని మీద పడి నీ కిందకే వస్తాయి. ఇది చాలామంది తప్పు చేస్తారు.

నేను: మేకులు ఇసకలో ఆగవంటారు...

బావ: ఆగవు. అందుకే మేకుల్లేకుండా రాళ్ల మీదైనా సిమెంటు గచ్చు మీదైనా దానంతటది నిలబడేది కొనమంటాను. నిలబడద్ది గానీ గాలికి ఎగిరిపోద్ది, ఇసకలో అయితే ఖాళీ ఎరువుల సంచిని ముక్కలు చేసి ఇసక పోసి మూతి కట్టి, తాడు దానికి కట్టి జానెడు లోతున పాతిపెట్టు, సముద్రం గాలికి కూడా కదల్దు. రాడ్లు అల్యూమినియంవే తీసుకో, ఫైబర్‌గ్లాస్‌వి బరువెక్కువ, పగిలితే చేతిలో పుల్లలు గుచ్చుకుంటాయి. ఇంకో మాట, నీడ బాగుందని కొబ్బరి చెట్టు కింద మాత్రం వెయ్యొద్దు. మనకి తెలిసిందే అనుకుంటాం, కానీ హైదరాబాద్ నించి వచ్చేవాళ్లు ఫొటో బాగుంటుందని సరిగ్గా గెలల కిందే వేస్తున్నారు, చూస్తే భయమేస్తది. ఇంక తుఫాను కబురుందంటే టెంట్ మాటే ఎత్తొద్దు, 1996 నవంబర్ చూసిన వాళ్లం.

నేను: ఇద్దరికి అని రాస్తే నిజంగా ఇద్దరికి పడుతుందా బావా?

బావ: రెండు పరుపులు ఆనించి వేస్తే పడతది, అంతే. వెడల్పు 130 సెంటీమీటర్లు ఉంటది, ఒక్కో పరుపు 60 అనుకో, ఇంకేం మిగిలింది? హెల్మెట్లు, జాకెట్లు, బూట్లు ఎక్కడ పెడతావు? బయట పెడితే పొద్దున్నకి తడిసి ముద్ద. పై గుడ్డ బయటికి జరిగి చిన్న వరండాలా వచ్చేది చూసుకో, రెండు వైపులా ఉండాలి, రెండు గుమ్మాలుండాలి. ఇది మీ అక్క మాట, రాత్రి లేచినప్పుడల్లా నన్ను దాటుకుని వెళ్లి విసిగిపోయింది పాపం. రెండో గుమ్మానికి పావుకేజీ పెరిగినా సరే, దాని దగ్గర మాత్రం పొదుపు చెయ్యకు.

నేను: గుడ్డ నైలానా, పాలిస్టరా?

బావ: నైలాన్ తేలిక, గట్టి, కానీ తడిస్తే సాగుద్ది, నడిరాత్రి లేచి తాళ్లు బిగించాలి. పాలిస్టర్ అంత సాగదు, ఎండకి కూడా ఎక్కువ ఓర్చుకుంటది. మన తేమకి నేను పాలిస్టరే అంటాను. ఏదైనా సైలెన్సర్‌కి తగిలిందంటే కరిగిపోద్ది, కట్టేటప్పుడు చూసుకో. ఇంటికి రాగానే తడిగా ఉన్నదాన్ని అటక మీద పడేశావనుకో, లోపలి పూత జిగురు జిగురై పొరలుగా లేచిపోద్ది, వాసనొస్తది, ఇంక అది దేనికీ పనికిరాదు. నీడలో ఆరేసి పాత దిండు గలీబులో వదులుగా పెట్టు.

నేను: అయితే రాత్రికే ఆర్డర్ పెట్టేస్తాను.

బావ: ఆగు, నీ సైడ్ బ్యాగ్ లోపలి పొడుగెంత?

నేను: కొలవలేదు బావా.

బావ: కింద మెషిన్ మీద మీ అక్క టేపుంది, తీసుకురా. బయట కాదు, లోపల, జిప్పు వేసి కొలవాలి.