నారి కురుపు ఎలా పోయింది?

హోస్ట్: సార్, మందు లేదు, టీకా లేదు. అయినా ఒక జబ్బు ప్రపంచం నుంచి దాదాపు పోయిందంటే నమ్మబుద్ధి కావట్లేదు.

అతిథి: నారి కురుపు సంగతి అంతే మరి. ఇప్పటి పిల్లలు పేరు కూడా విని ఉండరు. ఒకప్పుడు మన రాష్ట్రంలోనూ ఉండేది.

హోస్ట్: అసలెలా వస్తుంది?

అతిథి: దిగుడు బావి నీళ్లలో కంటికి ఆనీ ఆనని నీటి పురుగులుంటాయి. నారి పురుగు పిల్లలు వాటి ఒంట్లో ఉంటాయి. ఆ నీళ్లు తాగిన ఏడాదికి కాలి మీద పొక్కు లేస్తుంది. అది చితికి, తెల్లటి దారంలా పురుగు తల బయటపెడుతుంది. పొడవు మూరన్నర, రెండు మూరలు! పుల్లకి చుట్టి రోజూ కాస్త కాస్త లాగాలి, వారాల తరబడి. మధ్యలో తెగిందా, కాలు వాచిపోయి మంచం దిగలేరు.

హోస్ట్: ప్రాణం మీదికి రాదు కదా?

అతిథి: సాధారణంగా రాదు. అందుకే పెద్దగా ఎవరికీ పట్టలేదు. కానీ చాలాచోట్ల సరిగ్గా నాట్లప్పుడో కోతలప్పుడో పడుకోబెడుతుంది. కూలికి పోకపోతే పొయ్యిలో పిల్లి లేవని ఇళ్లవి.

హోస్ట్: మరెలా ఆపారు?

అతిథి: మంట తట్టుకోలేక కాలు నీళ్లలో పెడతారు చూడండి, పురుగు లక్షల పిల్లల్ని వదిలేది అప్పుడే. ఊరంతా తాగేది అవే నీళ్లు. అందుకని వడగట్టి తాగమన్నారు, పుండున్నవాళ్లని బావిలో దిగనివ్వలేదు. దిగుడు బావుల్ని చేద బావులుగా మార్చారు. 1984లో దేశంలో సుమారు 40 వేల కేసులు. 1996లో రాజస్థాన్‌లో వచ్చిందే ఆఖరిది.

హోస్ట్: మిగతా ప్రపంచం?

అతిథి: 1986లో 35 లక్షల మందికి ఉందని అంచనా. 2024లో పదిహేనే, ఆఫ్రికాలోని చాద్‌లో, దక్షిణ సూడాన్‌లో. ఇందులో అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ పాత్ర చాలా ఉంది. 1995లో సూడాన్ అంతర్యుద్ధం మధ్యలో, ఈ పని కోసం కాల్పులు ఆపించాడాయన!

హోస్ట్: ఆ పదిహేను ఎందుకు పోవట్లేదు?

అతిథి: చాద్‌లో కుక్కలకీ పట్టుకుంది. చేపల పేగులు తింటే వస్తుందని అనుమానం, వాటిని పాతిపెట్టమంటున్నారు. జబ్బు కుక్కని చూపించి కట్టేస్తే డబ్బులు కూడా ఇస్తున్నారు.

హోస్ట్: కుక్కని కట్టేస్తే డబ్బులా!

అతిథి: నవ్వకండి. తిరిగి తిండి వెతుక్కునే కుక్కని వారాల పాటు కట్టేస్తే, దానికి ముద్ద పెట్టాల్సింది ఆ ఇంటివాళ్లే కదా.