చార్మినార్ అక్కడ, బురుజు ఇక్కడ: నగరాన్నీ ఆటనీ పాటనీ తెరకెక్కించడం

కర్నూలులో షార్ట్ ఫిల్ములు తీస్తున్న మిత్రులందరికీ నమస్కారం. ‘ఒక్కడు’తోనే మొదలుపెడతాను. ఈ ఊళ్లో ఇంకో సినిమాతో మొదలుపెడితే మీరు ఊరుకోరు.

2003 సంక్రాంతికి వచ్చిన సినిమా. హైదరాబాదు పాతబస్తీ కుర్రాడు కబడ్డీ ఆడటానికి కర్నూలొచ్చి, ఫ్యాక్షన్ నాయకుడి చేతుల్లోంచి ఒక అమ్మాయిని తప్పించి తీసుకుపోతాడు. దర్శకుడు గుణశేఖర్ మన కొండారెడ్డి బురుజును అసలు చోటే తీశారు, చార్మినార్‌కి మాత్రం ఆర్ట్ డైరెక్టర్ అశోక్ చేత సెట్టు వేయించారు. 2020 సంక్రాంతికి అదే హీరో మహేశ్‌బాబు ‘సరిలేరు నీకెవ్వరు’ వచ్చేసరికి లెక్క తిరగబడింది. ఈసారి కొండారెడ్డి బురుజే సెట్టయి రామోజీ ఫిల్మ్ సిటీలో లేచింది. దేన్ని అసలు చోట తీయాలి, దేన్ని కట్టుకోవాలి అనేది డబ్బున్న వాళ్లకే వచ్చే ప్రశ్న అనుకోకండి. మీకూ అదే ప్రశ్న, చిన్న సైజులో.

చార్మినార్ పర్యాటకులకి సాయంత్రం దాకానే, అదీ మొదటి అంతస్తు వరకే. చుట్టూ బజారు, జనం, హారన్లు. రాత్రి సన్నివేశాలు, పక్కింట్లో దాక్కోవడాలు ఉన్న కథని అక్కడ రోజుల తరబడి తీయడం కుదరని పని. బురుజు దగ్గర కావలసింది పగటి వెలుతురులో ఎదురెదురుగా తలపడే ఒక సన్నివేశం. అది అసలు చోటే పండుతుంది, మనం తెరమీద చూశాం. కాబట్టి ముందు సన్నివేశం ఏ వేళ, ఎన్ని గంటలు, ఎంతమందితో అని కాగితం మీద రాసుకోండి. బురుజు అయితే పురావస్తు శాఖ అనుమతి ముందుగానే తెచ్చుకోండి. సెల్‌ఫోనే కదా అని లోపలికెళ్లి ట్రైపాడ్ వేస్తే మొదటి షాట్‌కే కాపలాదారు వస్తాడు.

1591లో కట్టిన చార్మినార్‌ని మీరు కట్టలేరు, కట్టే అవసరమూ లేదు. దాని ఒక్కో కమాను వెడల్పే 11 మీటర్లు. థర్మకోలుతో నాలుగు మీటర్ల కమాను చేసి దానికింద మనిషిని నిలబెడితే గుట్టు రట్టవుతుంది. దానికంటే మన పాతబస్తీ సందుల్లో ఒక గుమ్మం, ఉర్దూ బోర్డున్న ఒక దుకాణం, ఇరానీ చాయ్ కప్పూ సాసరూ చాలు. ప్రేక్షకుణ్ని హైదరాబాదులో కూర్చోబెట్టొచ్చు. ఆ భ్రమను చెడగొట్టేది మాత్రం బండి నంబరు. కథ 2003లో నడిస్తే హైదరాబాదు బండి ఏపీ 09 నుంచి 13 లోపు ఉండాలి, కర్నూలు బండి ఏపీ 21. 2014 తర్వాతి తెలంగాణ బండికి టీఎస్, 2024 మార్చి తర్వాత రిజిస్టరైన దానికి టీజీ. మన దగ్గరా 2019లో జిల్లా నంబర్లు పోయి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది. పాతబస్తీ సందులో ఏపీ 21 బండి వరసగా మూడు షాట్లలో కనబడితే ఇంకే సెట్టూ ఆదుకోదు.

ఇక ఆట. మన వాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే, అందుకే ఎక్కువసేపు చెప్తాను.

మగవాళ్ల కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మధ్యగీత నుంచి 3.75 మీటర్ల దూరంలో బాక్ లైను, దానికి మీటరు అవతల బోనస్ లైను. ఆ పది మీటర్ల వెడల్పులోనే రెండు పక్కలా మీటరు చొప్పున లాబీ అనే పట్టీ. నాలుగు మూలలా మేకులు కొట్టి పురికొస కట్టి గీయండి. సున్నం వాడొద్దు. పట్టులో మొహం నేలకు తగిలితే కళ్లు మండిపోతాయి. ముగ్గుపిండి చాలు. రెండు టేకులకే గీతలు చెరిగిపోతాయి, మేకులుంటే ఐదు నిమిషాల్లో మళ్లీ గీసేయొచ్చు. మన నల్లరేగడి ఎండితే నెర్రెలు, తడిస్తే బంక. జానెడు లోతు తవ్వి రాళ్లేరి, ఇసుక కలిపిన ఎర్రమట్టి పోసి, ముందురోజు సాయంత్రం నీళ్లు చల్లి వదిలేయండి. దుమ్ము లేచినట్టు కనబడాలంటే పైపైన మాత్రం పొడిమట్టి చల్లి, పొద్దున పూట సూర్యుడు ఆటగాళ్ల వెనక ఉండేలా కెమెరా పెట్టండి. వెలుతురు ముందునుంచి పడితే ఎంత దుమ్ము లేచినా తెరమీద కనబడదు.

కెమెరా పొడవు పక్కన, లాబీ బయట, నడుం ఎత్తులో. ఇక అవతలి పక్కకి దాటించొద్దు. అప్పుడే ఒక జట్టు ఎప్పుడూ ఎడమ, ఇంకొకటి కుడి. ఒక్క షాట్ అవతల్నుంచి తీశారో, కూతకెళ్లినవాడు తన జట్టు మీదకే పోతున్నట్టు ఉంటుంది. అసలు ఆటలోనే ఇంకో చిక్కుంది: సగం ఆట అయ్యాక జట్లు పక్కలు మారతాయి. ఆ మార్పును విజిల్‌తో, స్కోరు బోర్డుతో ఒక షాట్‌లో చూపించకపోతే ప్రేక్షకుడు తికమకపడతాడు. చిన్న సినిమాలో మొదటి సగాన్నే తీసి వదిలేయడం తెలివైన పని.

ఒక కూతని నాలుగు ముక్కలుగా తీయండి: మధ్యగీత దాటే పాదం, బాక్ లైను దాటే అడుగు, చెయ్యి తగిలే క్షణం, గీత అందుకునే వేళ్లు. బాక్ లైను దాటకుండా, ఎవరినీ తాకకుండా వెనక్కొస్తే కూతగాడు అవుట్. ఎవరినీ తాకకుండా లాబీలో కాలు పెట్టినా అవుటే. దీన్ని పట్టించుకోకుండా తీస్తే హాల్లో ఉన్న ఆటగాళ్లు అక్కడే ఈల వేస్తారు. కూతకి 30 సెకన్లే గడువు. దాన్ని స్లో మోషన్‌లో రెండు నిమిషాలు సాగదీసి, వెనక ‘కబడ్డీ కబడ్డీ’ మామూలు వేగంతో వినిపిస్తే ఊపిరికి అర్థమే లేకుండా పోతుంది. స్లో మోషన్‌ని చెయ్యి తగిలే ఆ క్షణానికే దాచిపెట్టుకోండి. ట్యూబులైట్ల కింద అయితే షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టండి. కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుమంటాయి, వేరే షట్టర్ పెడితే వెలుతురు కొట్టుకుంటుంది.

చొక్కాలకి మట్టి అంటుకునే వరస కూడా కథే. శుభ్రమైన చొక్కా సన్నివేశాలు ముందు తీసేయండి, ఉతికి ఆరేదాకా ఎవరూ ఆగరు.

‘ఒక్కడు’ కథే 2004లో తమిళంలో ‘గిల్లి’ అయింది. కర్నూలు స్థానంలో మదురై, చార్మినార్ స్థానంలో చెన్నై లైట్‌హౌస్. కబడ్డీ మాత్రం కబడ్డీగానే ఉంది. కట్టడం మారినా కథ నిలబడిందంటే, ఆట ఎంత బరువు మోసిందో చూడండి. దృశ్యం కోసం తిరిగినంత ఆట నేర్చుకోవడానికి తిరగరు మనవాళ్లు, అదే నా ఫిర్యాదు.

శబ్దం దగ్గరికొస్తే, హైదరాబాదు పాతబస్తీ పెళ్లి బరాత్‌లో వినబడేది మర్ఫా. నిజాం సైన్యంలో చేరిన హద్రమీ అరబ్బులు, సిద్దీలతో వచ్చిన వాద్యం. అక్కడి పెళ్లికి మన బ్యాండ్‌మేళం ఆడియో అతికిస్తే ఊరు చెడిపోతుంది. తప్పెట అయినా మర్ఫా అయినా రికార్డు చేసేటప్పుడు ఎక్కువ దెబ్బ దగ్గర కూడా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూడండి. ఒకసారి చిట్లిన శబ్దం ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ పూర్తిగా బాగుపడదు. ప్రతి చోటా ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఊరికే రికార్డు చేయండి, ఎడిటింగులో మాటల మధ్య సందు పూడ్చడానికి. కూతని ఆటలో కాకుండా విడిగా, మైకు జానెడు దూరంలో పెట్టి, ఒకే ఊపిరిలో పలికించి తీసుకోండి.

పాట తీస్తే స్పీకరు ఎక్కడ పెడతారో చూసుకోండి. సెకనుకి 24 ఫ్రేముల లెక్కన ఒక ఫ్రేము కాలంలో శబ్దం దాదాపు 14 మీటర్లు పోతుంది. బురుజు మీద నటుడుండి, స్పీకరు కింద 40 మీటర్ల అవతల ఉంటే పెదవులు మూడు ఫ్రేములు వెనకబడతాయి. నటుడికి తాళం రావడం లేదని తిడతారు, తప్పు స్పీకరుది. చిన్న స్పీకరైనా సరే, నటుడి కాళ్ల దగ్గర, ఫ్రేముకి కాస్త బయట పెట్టండి. ఎడిటింగులో కలిపేటప్పుడు కెమెరా మైకులో పడ్డ పాటని నమ్మకండి, ఆ మైకు ఎంత దూరంలో ఉంటే అంత ఆలస్యం దాంట్లోనూ ఉంటుంది. పాట మొదట్లో నటుడి పక్కన క్లాప్ కొట్టించి, చెక్కలు తాకిన ఫ్రేముని చూసి కలపండి.