బండిల్ రాకపోతే ఏం కుట్టాలి?

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు నమస్కారం. అందరి పేర్లూ చదివితే నాకిచ్చిన టైమ్ అక్కడే అయిపోతుంది, మన్నించాలి.

ఇందాక మాట్లాడిన మిత్రుడు మన గార్మెంట్ ఫ్యాక్టరీల గురించి ‘మన అమ్మాయిల చేతులు నెమ్మది, అందుకే బంగ్లాదేశ్‌తో పోటీ పడలేకపోతున్నాం’ అన్నారు. నేను రాసుకొచ్చింది వేరు. ఆ కాగితాలు జేబులో పెట్టేస్తున్నాను, ముందు ఈ సంగతి తేలాలి.

మన విశాఖ చుట్టుపక్కలే ఒక యూనిట్‌లో ఐఈగా, అంటే స్టాప్‌వాచ్ పట్టుకుని లైన్ల మధ్య తిరిగే మనిషిగా పనిచేశాను. కాలర్ అతికే అమ్మాయి రోజూ టార్గెట్ తప్పుతోందని సూపర్‌వైజర్ అందరి ముందూ తిట్టేవాడు. వెనక నిలబడి టైమ్ తీశాను. కుట్టులో వంక పెట్టడానికి లేదు. కానీ గంటలో సగం సేపు చేతిలో ముక్కే లేదండీ! లైన్‌లో ఆమెకి ముందున్న మిషన్ దగ్గర పని పేరుకుపోయింది. తీరా బండిల్, అంటే కత్తిరించిన ముక్కల కట్ట, వస్తే బాడీ ఒక షేడు, కాలర్ ఇంకో షేడు. ‘బండిల్ రాకపోతే నానేటి కుట్టాల సార్?’ అంది. అదే రిపోర్టులో రాశాను. ఆ పేజీ మాత్రం పైకి వెళ్లలేదు. ఆ పిల్ల పని మానేసింది. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

వెనక కూర్చున్న పిల్లలూ, ఫోన్లు పక్కన పెట్టి లెక్క చూడండి. లైన్‌లో 40 మంది, 8 గంటలు. షర్టుకి లెక్కగట్టిన సమయం, మేం సామ్ అంటాం, 20 నిమిషాలు. నూటికి నూరు నడిస్తే 960 షర్టులు. వచ్చినవి 480 అనుకోండి, ఎఫిషియెన్సీ 50 శాతం. మిగతా 480 ఏమయ్యాయి? కటింగ్ ఆలస్యం, బటన్లు రాలేదు, స్టైల్ మారింది. ఇందులో ఆ అమ్మాయి తప్పేముంది?

బంగ్లాదేశ్ అన్నారు కదా. 1979లో అక్కడి దేశ్ గార్మెంట్స్ అనే కంపెనీ 130 మందిని కొరియాలోని దేవూ కంపెనీకి పంపి పని నేర్పించింది. వాళ్లలో చాలామంది తర్వాత బయటికొచ్చి ఈ పరిశ్రమనే విస్తరించారు. బ్యాక్ టు బ్యాక్ ఎల్‌సీ, అంటే ఎగుమతి ఆర్డరుకి వచ్చిన బ్యాంకు హామీని చూపించి గుడ్డ అప్పు మీద తెచ్చుకునే పద్ధతి, దాని వల్ల గుడ్డ కొనడానికి చేతి డబ్బు పెట్టక్కర్లేదు. యూరప్‌లో వాళ్ల బట్టల మీద సుంకం లేదు. 2005లో కోటాలు, అంటే ఏ దేశం ఎన్ని బట్టలు పంపాలన్న పరిమితులు, ఎత్తేస్తే మునిగిపోతారన్నారు, ఇంకా పెరిగారు. చౌక కూలీ కూడా ఉంది, కాదనను. ముందురోజే గోడలు పగిలిన రానా ప్లాజా అనే గార్మెంట్ ఫ్యాక్టరీల భవనంలోకి మనుషుల్ని పంపి, 2013 ఏప్రిల్ 24న 1,100 మందికి పైగా ప్రాణాలు తీసిందీ అక్కడే. ఆ పోటీ మనకొద్దు.

చీటీ వచ్చింది, ముగిస్తాను. యాజమాన్యాల వాళ్లు ముందు వరసలోనే ఉన్నారు, ఒక్కటి అడుగుతాను. లైన్ బోర్డు మీద టార్గెట్, అవుట్‌పుట్ పక్కన ఇంకో గడి గీయండి: పని ఎంతసేపు ఆగింది, ఎందుకు ఆగింది. అది సూపర్‌వైజర్ కాకుండా ఆపరేటరే రాయాలి. సరే, ప్రశ్నలుంటే అడగండి.